వాసన తెలియడం లేదు, కాఫీ కుళ్లు కంపు కొడుతోంది... నయమవుతుందా?

ప్రశ్న: నా వయసు 44. ఐదు నెలల క్రితం జలుబు, జ్వరం వచ్చి తగ్గాయి కానీ అప్పటి నుంచి వాసన తెలియడం లేదు. శ్రీవారి లడ్డూ తింటే తీపి తెలుస్తోంది తప్ప పచ్చకర్పూరం, యాలకుల వాసన అందడం లేదు. నెల రోజులుగా కాఫీ, వేయించిన ఉల్లిపాయలు కుళ్లు కంపు కొడుతున్నాయి. అమృతాంజనం ఘాటు మాత్రం తెలుస్తోంది. ముక్కులో నూనె చుక్కలు వేసుకోమని మా అత్తగారు అంటున్నారు. వేసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: లడ్డూ గురించి మీరు రాసిన ఒక్క వాక్యంతోనే సమస్య సగం అర్థమైంది. నాలుక గుర్తించేది తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి కొన్ని మూల రుచులనే. మనం లడ్డూ రుచి అనుకునే దానిలో చాలా భాగం నమిలేటప్పుడు గొంతు వెనకగా ముక్కు పైభాగానికి చేరే వాసన. అంటే మీ నాలుక బాగానే ఉంది. ఇక అమృతాంజనం ఘాటు తెలుస్తోందని ఊరట పడకండి, ఎందుకంటే ఆ మంటను, చల్లదనాన్ని మెదడుకు చేర్చేది వాసన నాడి కాదు, ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి. నా దగ్గరకు వచ్చే వారిలోనూ చాలామంది ఇక్కడే పొరబడుతుంటారు.

ముక్కు లోపలి పైకప్పులో వాసనను పసిగట్టే చిన్న పొర ఒకటి ఉంటుంది. అందులోని నాడీకణాల పోగులు జల్లెడలాంటి సన్నని ఎముక రంధ్రాల గుండా మెదడులోకి వెళ్తాయి. కోవిడ్ సహా కొన్ని వైరస్‌లు ఈ పొరను దెబ్బతీస్తాయి. అయితే శరీరంలోని చాలా నాడీకణాలకు లేని వరం వీటికి ఉంది, ఇవి మళ్లీ పుడతాయి. కొత్త పోగులు మెదడుతో సరిగ్గా జత కుదిరే దాకా సంకేతాలు తారుమారై, కాఫీ కూడా కంపుగా తోచవచ్చు. దీన్ని పెరోస్మియా అంటాం. భరించడం కష్టమే కానీ, వైరస్ తర్వాత వాసన పోయిన వారిలో ఇది తరచూ కోలుకుంటున్నారనడానికి సూచన.

అయినా వైరస్ వల్లే అని ముందే తీర్మానించుకోకూడదు. ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండ బుడిపెలు), సైనసైటిస్, అలర్జీ ఉంటే వాసన అసలు ఆ పొర దాకా చేరదు. అలాంటప్పుడు స్టెరాయిడ్ స్ప్రే, కొందరికి శస్త్రచికిత్స అవసరమవుతాయి. అందువల్ల రుయాలో గానీ, మీకు అందుబాటులో ఉన్న మరో ఆసుపత్రిలో గానీ ఈఎన్‌టీ వైద్యులకు చూపించి, సన్నని కెమెరా గొట్టంతో ముక్కు లోపల చూసే ఎండోస్కోపీ చేయించుకోండి.

వైరస్ వల్లే అని తేలితే ప్రధాన చికిత్స వాసన అభ్యాసం. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం వాసనలతో దీన్ని పరీక్షించింది. ఉదయం, రాత్రి ఒక్కో వాసనను పదిహేను, ఇరవై సెకన్లపాటు మెల్లగా పీలుస్తూ, అది ఒకప్పుడు ఎలా ఉండేదో మనసులో తలచుకోవాలి. దంచిన లవంగాలు, నిమ్మతొక్క ఇంట్లోనే ఉంటాయి. కనీసం మూడు నెలలు చేయాలి. అందరికీ పూర్తిగా నయమవుతుందని మాట ఇవ్వలేను కానీ, వారం చూసి మానేసేవారే ఎక్కువగా నష్టపోతారు.

నూనె చుక్కలు మాత్రం వద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి జారితే ఒక రకమైన న్యుమోనియా రావచ్చని అత్తగారికి చెప్పండి. ముక్కు దిబ్బడ తగ్గించే చుక్కల మందును కూడా ఐదు రోజులకు మించి వాడకండి. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా అసలే వద్దు.

గ్యాస్ లీకైతే తెలియాలనే సిలిండర్‌లో ఘాటు వాసన కలుపుతారు, అది ఇప్పుడు మీకు అందదు. వంట కాగానే రెగ్యులేటర్ ఆపేసి, వంటింట్లో లీకేజీ అలారం పెట్టించుకోండి. నిన్నటి కూర పాడైందో లేదో ఇంట్లో మరొకరితో వాసన చూపించాకే తినండి.