ఓడినవాడి ఏజెంటును దృష్టిలో పెట్టుకో

అమ్మాయీ,

ఓటింగ్ యంత్రాలు తయారుచేసే టీములో చేరావని మీ అమ్మ ఫోన్ చేసింది. "నువ్వు చాలా పోలింగ్ డ్యూటీలు చేశావుగా అన్నయ్యా, దానికి నాలుగు మాటలు చెప్పు" అంది. నాకు కోడు రాయడం తెలీదు. బూతులో ఏం జరుగుతుందో మాత్రం తెలుసు.

నీ యంత్రాన్ని గెలిచినవాడు ఎలాగూ నమ్ముతాడు, అతనికి పేచీ ఏముంది? ఓడినవాడి ఏజెంటు లెక్క చూసుకుని, మొహం మాడ్చుకునైనా సరే, సంతకం పెట్టి ఇంటికి పోవాలి. నువ్వు పని చెయ్యాల్సింది అతని కోసం.

2003లో బెల్జియంలో, బ్రస్సెల్స్ ప్రాంతంలోని షార్‌బేక్‌లో, కంప్యూటర్ ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు ఎక్కువ చూపించింది. ఆ అంకె చూడగానే నీకు అర్థమైపోయి ఉంటుంది, రెండు పన్నెండో ఘాతం. మెమరీలో లెక్కను దాచే 0, 1లలో ఒక్కటి, అంటే ఒక్క బిట్, 0 నుంచి 1కి తిరగబడి ఉంటుందన్నారు. అసలు తప్పు ఎలా బయటపడిందంటే, ఆ అభ్యర్థికి రావడానికి వీలున్న ఓట్లకంటే ఎక్కువ వచ్చాయి కాబట్టి. తేడా చిన్నదైతే ఎవరూ పట్టుకునేవారు కాదేమో. నాకు భయం వేసేది అక్కడే.

అందుకే కాగితం ఉండాలి. మన వీవీప్యాట్‌లో ఓటు ఎవరికి పడిందో అచ్చయిన స్లిప్ ఏడు సెకన్లు అద్దం వెనక కనబడి పెట్టెలో పడుతుంది. పడితే చాలదు, దాన్ని లెక్కపెట్టాలి కూడా. 2019 నుంచి ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటుకు ఐదు బూతుల స్లిప్పులు లెక్కిస్తున్నారు. నన్నడిగితే, మెజారిటీ తక్కువగా ఉన్నచోట ఎక్కువ బూతులు, భారీగా ఉన్నచోట తక్కువ బూతులు చూడటమే సబబు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2017 నుంచి ఇలా మెజారిటీని బట్టే ఎన్ని బ్యాలెట్లు చూడాలో తేల్చుకుని ఆడిట్ చేస్తోంది.

"లోపల గట్టి ఎన్‌క్రిప్షన్ ఉంది, ఎవరూ చదవలేని రహస్య సంకేతాల్లో దాచాం" అని ఏజెంటుకు చెప్పి ఒప్పిద్దామనుకోకు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో అక్కడి యంత్రాలను ఆపింది ఈ కారణంతోనే. ప్రత్యేక పరిజ్ఞానం లేని పౌరుడు కూడా ఓటు లెక్కలో ముఖ్యమైన దశలను సరిచూసుకోగలగాలంది.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. ఓసారి తెల్లవారుజామున ఏజెంట్ల ముందు మాక్ పోల్, అంటే యంత్రం పరీక్షకు ఉత్తుత్తి పోలింగ్, చేశాం, యాభై ఓట్లు. బయట అప్పటికే క్యూ కట్టేశారు. ఆ హడావుడిలో వాటిని క్లియర్ చెయ్యడం మరిచిపోయి పోలింగ్ మొదలుపెట్టేశాను. సాయంత్రం చూస్తే రిజిస్టరు కంటే యంత్రంలో యాభై ఎక్కువ! చెమటలు పట్టాయి. ఉన్నదున్నట్టు డైరీలో రాసి పైవాళ్లకు చెప్పాను. తప్పు నాదే, కాదనను. కానీ మాక్ పోల్ ఓట్లు లోపల ఉండగా అసలు పోలింగ్ మొదలు కానివ్వకుండా యంత్రమే మొరాయించి ఉంటే? రాత్రంతా నిద్రలేక, టెన్షన్‌తో ఉన్న మనిషి నొక్కే బటన్లు అవి. అతను మరిచిపోతాడనే అనుకుని తయారుచెయ్యి.

స్క్రీన్‌ని నీ టీమువాళ్లకు చూపించి బాగుందనిపించుకోకు. కళ్లజోడు మరిచిపోయి వచ్చిన ముసలాయన చేత నొక్కించు. 2000లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్‌లో పేర్లు రెండు వైపులా, రంధ్రాలు మధ్యలో పెట్టి బ్యాలెట్ అచ్చేశారు. చాలామంది ఒకరికి అనుకుని ఇంకొకరికి వేశారు. ఆ రాష్ట్రంలో అధ్యక్ష ఎన్నిక తేలింది 537 ఓట్ల తేడాతో.

చట్టం సంగతి కూడా ముందే కనుక్కో. 1982లో కేరళలోని పరవూరులో 50 బూతుల్లో యంత్రాలు వాడారు. చట్టంలో యంత్రం మాటే లేదని సుప్రీంకోర్టు ఆ బూతుల్లో మళ్లీ పోలింగ్ పెట్టించింది. యంత్రం బాగానే పనిచేసినా ఏం లాభం?

ఓటర్ల జాబితా గురించి ఇంకోసారి రాస్తాను. పేరు దొరక్క క్యూ ఆగిపోయే గొడవ ముందు నీ యంత్రం గొడవ ఏపాటిది!

మామయ్య