లైనక్స్‌లో లాగిన్ అయినవారి ఐడిల్ టైమ్ ఎందుకు వింతగా కనిపిస్తుంది?

లాగిన్ అయి ఉన్నవారి జాబితా ఇచ్చే డబ్ల్యూ (w) కమాండ్ చూపే ఐడిల్ టైమ్ మనిషి ఖాళీగా ఉన్న సమయం కాదు, వారు కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ నుంచి చివరిసారి ఇన్‌పుట్ చదివి ఎంతసేపైందో అది చెబుతుంది.

ప్రతి టెర్మినల్‌కూ ఒక డివైస్ ఫైల్ (పరికరాన్ని సూచించే ఫైల్) ఉంటుంది. మీరు టైప్ చేసినదాన్ని షెల్ (కమాండ్లను అమలు చేసే ప్రోగ్రాం) గానీ, ఎడిటర్ గానీ చదివినప్పుడు ఆ ఫైల్ యాక్సెస్ టైమ్, అంటే చివరిసారి చదివిన సమయం, మారుతుంది. ఇప్పటి సమయంలోంచి దాన్ని తీసేస్తే వచ్చేదే ఐడిల్. కీలు నొక్కే లయను పక్కవాళ్లు పసిగట్టకుండా లైనక్స్ కేంద్ర భాగమైన కర్నెల్ ఈ యాక్సెస్ టైమ్‌ను కావాలనే 8 సెకన్ల మెట్లలో మారుస్తుంది, కాబట్టి కొద్ది సెకన్ల తేడాను పట్టించుకోనక్కర్లేదు.

ఉదాహరణకు, టీటీవై2 (tty2) అనే వర్చువల్ టెర్మినల్ మీద గ్రాఫికల్ డెస్క్‌టాప్ నడుస్తోందనుకోండి. మీరు మూడు రోజులుగా బ్రౌజర్ వాడుతూనే ఉన్నా డబ్ల్యూ జాబితాలో ఆ వరుసలో ఐడిల్ 3 రోజులని కనిపించవచ్చు. కీబోర్డు, మౌస్ సంకేతాలను డెస్క్‌టాప్ వాటి సొంత ఇన్‌పుట్ డివైస్‌ల నుంచే తీసుకుంటుంది, టీటీవై2 జోలికే పోదు. అదే డెస్క్‌టాప్‌లో తెరిచిన టెర్మినల్ విండోకు మాత్రం విడిగా ఒక పీటీఎస్ (pts, విండోల కోసం సృష్టించే నకిలీ టెర్మినల్) ఉంటుంది, దాని లెక్క దానిదే.

ఐడిల్ ఎక్కువుంటే పనేమీ జరగట్లేదని చాలామంది పొరబడతారు. గంటలకొద్దీ సాగే కంపైల్ (కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే పని) తెరనిండా అక్షరాలు కుమ్మరిస్తున్నా ఐడిల్ పెరుగుతూనే పోతుంది, ఎందుకంటే అవుట్‌పుట్ వల్ల యాక్సెస్ టైమ్ మారదు. సెషన్ తెంపే ముందు దాని ప్రాసెస్‌లు చూడండి. ఇంకొకటి: ఐడిల్ 3:25 అని ఉంటే నిమిషాలు, సెకన్లు, చివర ఎం (m) అక్షరం ఉంటేనే గంటలు, నిమిషాలు.