ధారణ నిలవాలంటే (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మా ఊళ్ళో అష్టావధానం చూశాక పద్యాలు కంఠస్థం చేయాలనిపించింది. రోజుకొకటి చదువుతున్నాను. సాయంత్రానికి మొదటి పాదం తప్ప మిగతాది జారిపోతోంది. మధ్యలో ఫోన్ మోగితే ఇక అంతే. అన్ని ఆటంకాల మధ్య అవధానులకు ఎలా గుర్తుంటుంది?
– డిగ్రీ విద్యార్థిని, తణుకు

జవాబు: తప్పినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటున్నట్టున్నారు. అలాగైతే మొదటి పాదానికి పదిసార్లు సాధన దొరికితే మూడోదానికి రెండే దొరుకుతాయి.

ఎనిమిది మంది పృచ్ఛకులను (ప్రశ్నలడిగేవారిని) ఒకేసారి ఎదుర్కొనే అవధానికి ఆ వెసులుబాటు లేదు. సమస్య (ఇచ్చిన పాదంతో పద్యం పూరించడం), దత్తపది (ఇచ్చిన పదాలతో పద్యం అల్లడం), వర్ణన వంటివాటికి ఆవృత్తికి, అంటే ఒక్కో చుట్టుకు, ఓ పాదం చొప్పున చెబుతూ నాలుగు ఆవృత్తులు తిరగాలి. వద్దన్న అక్షరం వాడకుండా పద్యం చెప్పాల్సిన నిషిద్ధాక్షరిలో ‘శ్రీ’ అనగానే ‘రామ’ వస్తుందని పసిగట్టి పృచ్ఛకుడు ‘ర’ వద్దంటాడు. అంతలో అప్రస్తుత ప్రసంగి “కాకరకాయ కూరలో బెల్లమెందుకండీ?” అని అడ్డుపడతాడు. దానికీ చమత్కారంగా బదులిచ్చి, వదిలిన పాదం దగ్గరికి రావాలి. చివర్లో పద్యాలన్నీ అప్పజెప్పడమే ధారణ.

దీనికి ఛందస్సే ఆసరా. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం (పాదం తొలి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు), రెండోది ప్రాస. తొలి పాదం రెండో అక్షరం ‘ల’ అయితే మిగతా మూడింటికీ అదే హల్లు. పాదం మరిచినా పట్టు దొరుకుతుంది. ఆటవెలది, తేటగీతులకు ప్రాసనియమం లేదు. పొట్టిగా ఉన్నాయి కదా అని వాటితో మొదలుపెడతారు గాని, పాదాలు తారుమారయ్యేది అక్కడే. ప్రాస ఉన్న కందమో, ఉత్పలమాల వంటి వృత్తమో మేలు.

ఒక్కో పాదం మూడుసార్లు పైకి చదివి, పుస్తకం మూసి చెప్పండి. తర్వాత ఒక పాదం చివరి పదాన్ని తర్వాతి పాదం తొలి పదంతో కలిపి ఐదుసార్లు అనండి. తడబాటు ఎక్కువగా ఆ అతుకు దగ్గరే. మర్నాడు మూడో పాదం నుంచి ఎత్తుకోండి. పద్యం మొత్తాన్ని 10 నిమిషాలకు, పడుకునే ముందు, మర్నాడు, మూడోనాడు, వారానికి చూడకుండా చెప్పాలి. తట్టకపోతే అర నిమిషం తడుముకున్నాకే పుస్తకం తెరవండి. పదేపదే చదివితే వచ్చేసినట్టే ఉంటుంది, నోరు తెరిస్తే రాదు.

మొదటి వారం ఫోన్ పక్కగదిలో ఉంచండి. ఆ తర్వాత ఆటంకాన్ని మీరే పిలవండి. ఇంట్లో ఒకరిని ఉండుండి గ్లాసు మీద చెంచాతో కొట్టమని, మరొకరిని ప్రశ్నలు వేయమని చెప్పండి. పద్యం చెబుతూనే దెబ్బలెన్నో లెక్కపెట్టాలి. వాటిని మనసులో ‘ఒకటి, రెండు’ అనుకుంటే లెక్క తప్పుతుంది, ఎందుకంటే లోపలి గొంతు అప్పటికే పద్యంతో నిండి ఉంటుంది. బొటనవేలిని కణుపు కణుపుకూ జరపండి, ఒక చేతికి పన్నెండు. ప్రశ్న రాగానే తొందరపడకుండా, పాదం ముగించి, తర్వాతి పాదం తొలిపదం ఒకసారి తలచుకుని అప్పుడు బదులివ్వండి.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. జ్ఞాపకశక్తి పెంచే గేమ్ యాప్ కొనమంటారా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: వద్దండీ. ఆ ఆటలో ఆరితేరతాడు, సైన్స్ పాఠానికి మాత్రం అది పెద్దగా అక్కరకు రాదు. పాఠం చదివాక పుస్తకం మూసి, గుర్తున్నవన్నీ తెల్లకాగితం మీద రాయించండి. వదిలేసినవి ఎర్ర సిరాతో చేర్పించి, మర్నాడు ఆ ఎర్రవే అడగండి.