సంస్కృతి దశల మీద వ్యాసం రాయబోయే అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ ప్రణాళిక రెండుసార్లు చదివాను. వేట, పశుపోషణ, సేద్యం, పరిశ్రమ అని నాలుగు అధ్యాయాలు పెట్టి, ఒక్కోదానికి ఒక రాజకీయాన్నీ ఒక ఆర్థిక వ్యవస్థనూ జత చేశావు. చూడముచ్చటగా ఉంది. దాని జబ్బు కూడా అదే. నిజమైన సమాజం ఏదీ ఆ గడుల్లో అంత బుద్ధిగా కూర్చోదు.

ఈ నాలుగు మెట్ల లెక్క పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లండ్ పండితులది, కాకపోతే వాళ్ల నాలుగో మెట్టు పరిశ్రమ కాదు, వాణిజ్యం. 1877లో మానవశాస్త్రజ్ఞుడు మోర్గాన్ ఆటవిక, అనాగరిక, నాగరిక అని మూడు మెట్లు కట్టాడు. 1960లో ఆర్థికవేత్త రోస్టో ఆర్థికాభివృద్ధికి ఐదు దశలు చెప్పాడు. 1962లో మానవశాస్త్రజ్ఞుడు ఎల్మన్ సర్వీస్ గుంపు, తెగ, నాయకుడి ఏలుబడి, రాజ్యం అని నాలుగు పేర్లు పెట్టాడు. ఇదంతా ఒక్క పేజీలో ముగించు. పేర్లు మారుతూ వచ్చాయి గానీ, సమాజాన్ని మొత్తంగా ఒకే మెట్టు మీద నిలబెట్టే అలవాటు మాత్రం మారలేదు. నువ్వు వదిలించుకోవలసింది ఆ అలవాటునే.

రాసేముందు చూసుకోవలసిన తప్పు ఒకటుంది. దొరలు ఉన్నారు కాబట్టి ఫలానా సమాజం భూస్వామ్య దశలో ఉందంటావు. రెండు పేజీల తర్వాత, భూస్వామ్య దశలో ఉంది కాబట్టే అక్కడ దొరలు పుట్టారంటావు. గానుగెద్దులా చుట్టూ తిరిగావే తప్ప ఒక్క అడుగు ముందుకు పడలేదు. దీనికి మందు సులభమే. దశను గుర్తుపట్టడానికి వాడే ఆనవాళ్లలో రాజకీయం ఉండకూడదు. రాజకీయం నువ్వు వివరించాల్సిన విషయం కదా, దాన్నే ఆనవాలుగా వాడితే ఎలా?

అందుకని సమాజాన్ని ఐదు పోగులుగా విప్పు. ఒకటి, తిండి ఎక్కడినుంచి వస్తుంది, ఎంతకాలం నిలవ ఉంటుంది. రెండు, లెక్క ఎవరు పెడతారు, దేనిమీద పెడతారు. మూడు, మనిషి ఎంత దూరపు మనిషిని నమ్మి సరుకో డబ్బో ఇస్తాడు. నాలుగు, తగువు ఎవరు తీరుస్తారు. ఐదు, పదవి చేతులు ఎలా మారుతుంది. మొదటి మూడూ సంస్కృతి వైపువి, చివరి రెండూ రాజకీయం వైపువి. నాలుగు సమాజాలు తీసుకో, ఒక్కోదానికి మూడు కాలాలు ఎంచుకో. నాలుగు, ఐదు, మూడు గుణిస్తే అరవై గడులు. ఒక్కో గడిలో ఒక్కటే వాక్యం, పక్కన సంవత్సరం, అది ఏ ఆధారంతో తెలిసింది అన్నది. పన్నెండు సమాజాలు పెట్టుకోవాలని నీకు ఆశ ఉంటుంది. అప్పుడు ఏ గడినీ సరిగా నింపలేవు, చివరికి పేర్లతోనే సరిపెడతావు.

మొదటి రెండు పోగుల దగ్గర తొందరపడకు. తిండికీ పాలనకూ ఉన్న సంబంధం మనం మామూలుగా అనుకునేదానికంటే సూటిగా ఉంటుంది. గోధుమ, బార్లీ, వరి, మొక్కజొన్న నేలపైన పండుతాయి. చేలన్నీ ఇంచుమించు ఒకేసారి కోతకొస్తాయి. గింజ ఎండుతుంది, కొలతకు లొంగుతుంది, గాదెలో నిలుస్తుంది. పన్ను వసూలుకి వచ్చినవాడు కళ్లం దగ్గర నిలబడితే చాలు. కర్రపెండలం అలా కాదు. అది ఏడాది, ఆపైన కూడా మట్టిలోనే ఉండగలదు, కావలసినప్పుడు కావలసినంత తవ్వుకోవచ్చు, తవ్వాక మాత్రం త్వరగా పాడవుతుంది. దాన్ని పన్నుగా తీసుకుపోవాలంటే అధికారి స్వయంగా గునపం పట్టాలి. తొలి పెద్ద రాజ్యాలు ధాన్యం మీదే లేచాయి. మిగులు ఉంటే సరిపోదు, అది కంటికి కనబడేదీ మోసుకుపోగలిగేదీ అయ్యుండాలి. నీ ప్రణాళికలో ‘మిగులు పుట్టింది, రాజ్యం పుట్టింది’ అన్న వాక్యాన్ని ఈ మేరకు దిద్దుకో.

లెక్క సంగతీ అంతే. ఇప్పటి ఇరాక్‌లోని ఉరుక్ నగరంలో దొరికిన, క్రీ.పూ. 3200 ప్రాంతపు మట్టిపలకల్లో ఎక్కువ భాగం బార్లీ, పశువులు, కూలీలకిచ్చే బత్తెం లెక్కలు. రాత అక్కడ చిట్టాగా మొదలైంది. కావ్యాలు చాలా తర్వాతి మాట. మరో ఖండానికి వెళ్లు. దక్షిణ అమెరికాలోని ఇన్కా రాజ్యానికి మనం రాత అనుకునే రాత లేదు, కిపు అనే ముడుల తాళ్లున్నాయి. అంగడి చిన్నది, పన్ను ధాన్యంగా కాక వెట్టి శ్రమగా కట్టాలి, దారుల వెంట బారులు తీరిన గిడ్డంగులు. అయినా అది సామ్రాజ్యమే. కాబట్టి అంగడి లేనిదే రాజ్యం లేదన్న సూత్రం ఇక్కడ ఓడిపోతుంది, లెక్క లేనిదే రాజ్యం లేదన్నది నిలుస్తుంది. ఒక్క ఉదాహరణతో ఒక సూత్రాన్ని కొట్టి ఇంకోదాన్ని నిలబెట్టడమంటే ఇదే. ఉదాహరణలను అలంకారానికి వాడకు, ఇలా పరీక్షకు పెట్టు.

మెట్ల లెక్కకు అసలు లొంగని సమాజాలను కావాలని వెతుక్కో. ఉత్తర అమెరికా వాయవ్య తీరంలోని జనాలు సేద్యం చేయలేదు. సాల్మన్ చేపను ఎండబెట్టి, పొగబెట్టి నిలవ చేసుకున్నారు. పాత లెక్క ప్రకారం వాళ్లు సమానులై ఉండాలి. కానీ వాళ్లలో పుట్టుకతో వచ్చే హోదాలున్నాయి, బానిసలున్నారు, ఉన్నదంతా పంచిపెట్టి పరువు సంపాదించే పోట్లాచ్ అనే వేడుక ఉంది. కెనడా ప్రభుత్వం ఆ వేడుకను 1885 నుంచి 1951 వరకు నిషేధించింది. చట్టం పెట్టి మరీ అణచవలసి వచ్చిందంటే అది వట్టి వినోదం కాదు, అక్కడి ఆర్థిక, రాజకీయ వ్యవస్థ దానిమీదే నడిచేది. సేద్యం లేదు, నిలవ ఉంది. నీ పట్టికలో మొదటి గడి ‘నిలవ’ అని అడుగుతుంది కాబట్టి ఈ సమాజం అందులో ఇమిడిపోతుంది. ‘వేట దశ’ అని రాస్తే ఇమడదు.

సరుకు చేతులు మారే తీరుల గురించి క్లుప్తంగా. ఇచ్చిపుచ్చుకోవడం, ఒకచోట కూడబెట్టి పంచడం, బేరం అని మూడు ఉన్నాయి. మూడూ దాదాపు అన్ని కాలాల్లోనూ కనబడతాయి. కాబట్టి ‘ఇక్కడ అంగడి ఉందా?’ అని అడగడం దండగ. భూమి, కూలి అన్నవి ఈ మూడు తీరుల్లో దేని ద్వారా చేతులు మారుతున్నాయో అడుగు. దుస్తులో ఉప్పో బేరానికి వస్తే రాజకీయం పెద్దగా కదలదు. భూమి బేరానికి వచ్చిన రోజున పెద్దరికాలు కూలుతాయి.

ఇప్పుడు నువ్వు ఎక్కువగా తడబడే చోటికి వద్దాం. ఏది కారణం, ఏది ఫలితం? 1861 నాటి రష్యా తీసుకో. అర్ధబానిసలుగా ఉన్న రైతులకు విముక్తి ఇచ్చారు. భూమిని మాత్రం చాలాచోట్ల విడి రైతు చేతికి కాక ఊరి సమష్టికి, అంటే వాళ్లు మీర్ అని పిలిచే దానికి అప్పగించారు. దొరలకు సర్కారు ముందుగా చెల్లించిన సొమ్మును రైతులు 49 ఏళ్ల వాయిదాల్లో తీర్చాలి. ఒకరు కట్టకపోతే ఊరంతా కట్టాలి. ఇక ఊరు ఎవరినైనా తేలిగ్గా బయటికి పోనిస్తుందా? పోతే అతని వంతు మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది. పైగా చాలా ప్రాంతాల్లో భూమిని కొన్నేళ్లకోసారి ఇంటి మనుషుల లెక్కన మళ్లీ పంచేవాళ్లు. రేపు పక్కవాడిది కాబోయే పట్టీకి ఈరోజు ఎరువు ఎవరు తోలతారు?

దీన్ని చూసి ‘రైతులు వెనకబడిన సమష్టి దశలో ఉన్నారు, అందుకే వ్యవసాయం ఎదగలేదు’ అని రాసేస్తారు చాలామంది. వరస మార్చి చదువు. పన్ను వసూలుకి చవకైన సాధనం దొరికింది కాబట్టి సర్కారే సమష్టిని పట్టుకుని వేలాడింది. పాత ఆచారాన్ని కొత్త చట్టం ఘనీభవింపజేసింది. ఉమ్మడి బాధ్యతను 1903లో తీసేశారు, 1906లో విడిపోయే వీలు కల్పించారు, 1907 నుంచి వాయిదాలు రద్దు చేశారు. అయినా 1917లో, విడిపోయిన రైతుల్లో చాలామందిని ఊళ్లు మళ్లీ సమష్టిలోకి లాగేశాయి. అరవై ఏళ్లలోపు కథ ఇది. ఇందులో సంస్కృతి, చట్టం ఒకదాన్నొకటి పెనవేసుకున్న తీరు చూపించగలిగితే నీ వ్యాసంలో సగం పని అయినట్టే.

కారణాన్ని పరీక్షించడానికి రెండు రకాల జతలు వెతకాలి. మొదటిది, ఒకే చట్టం కింద రెండు సంస్కృతులు. ఇటలీలో 1970లో పదిహేను ప్రాంతాలకు ఒకే రకం అధికారాలతో ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. బడ్జెట్ వేళకు పెట్టారా, మంత్రివర్గం నిలిచిందా, శిశుసంరక్షణ కేంద్రాలు తెరిచారా, పౌరుడు ఉత్తరం రాస్తే జవాబిచ్చారా అని అమెరికా రాజనీతి పండితుడు రాబర్ట్ పుట్నమ్ బృందం కొలిచింది. ఉత్తరాది ముందుంది, దక్షిణాది వెనకబడింది. సంఘాలు పెట్టుకునే పాత అలవాటే దీనికి కారణమని ఆ బృందం చెప్పింది. అక్కడ ఆగిపోకు. ఉత్తరాది ధనికం కూడా. ఆస్తి తేడాను తీసేశాక ఎంత మిగులుతుందో అడగాలి. రెండోది, ఒకే సంస్కృతి మీద రెండు వ్యవస్థలు. 1949 నుంచి 1990 దాకా జర్మనీ ఇందుకు పనికొస్తుంది. ఏకమయ్యాక సర్వేల్లో తూర్పువాళ్లు పడమటివాళ్లకంటే ప్రభుత్వ భరోసాను ఎక్కువగా కోరారు, తర్వాత ఆ తేడా నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. అంటే నాలుగు దశాబ్దాల వ్యవస్థ మనసుల్ని మార్చగలదు. ఈ రెండు జతలూ లేకుండా సంస్కృతే మూలమనో, వ్యవస్థే మూలమనో తీర్పు చెప్పకు.

పోగులన్నీ ఒకే వేగంతో కదలవు. స్విట్జర్లాండ్‌లో పరిశ్రమ, అక్షరాస్యత, సంపద తొందరగానే వచ్చాయి. ఆడవాళ్లకు జాతీయ ఎన్నికల్లో ఓటు మాత్రం 1971లో వచ్చింది. అపెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే రాష్ట్రంలో స్థానిక ఓటుకు 1990 దాకా, అదీ కోర్టు ఆదేశంతో, ఎదురుచూడాల్సి వచ్చింది. గొర్రెల మీద బతికిన న్యూజిలాండ్ 1893లోనే ఇచ్చింది. స్విస్ మగవాళ్ల సంస్కృతి మీద ఒక పేరా వాయించే ముందు పద్ధతి చూడు. న్యూజిలాండ్‌లో పార్లమెంటు ఆమోదిస్తే చాలు. స్విట్జర్లాండ్‌లో రాజ్యాంగం మార్చాలంటే ఓటున్న మగవాళ్లందరినీ అడగాలి. 1959లో అడిగితే కాదన్నారు. ఈ డెబ్బై ఎనిమిదేళ్ల తేడాలో పెద్ద భాగాన్ని ఈ ఒక్క మెలిక వివరిస్తుంది.

పాత పోగును తెంచకుండా కొత్తదానికి ముడివేసిన సందర్భం ఒకటైనా పెట్టు. బోట్స్వానా 1966లో స్వతంత్రమైంది. 1967లో ఖనిజాల మీద హక్కును తెగల నుంచి రాజ్యానికి మార్చారు. వజ్రాలు దొరికింది బంగ్వాటో తెగ నేలలో. ఆ తెగ పెద్దరికానికి వారసుడైన సెరెట్సే ఖామానే అప్పుడు దేశాధ్యక్షుడు. తెగ పెద్ద కూడా నలుగురి ముందూ మాట్లాడి ఒప్పించాల్సిన క్గోట్లా సభ అలవాటు అక్కడ ముందే ఉంది. దీని ఎదురుగా రష్యా 1992ను పెట్టు. సర్కారీ సంస్థల్లో వాటాలు తీసుకోవడానికి పౌరులకు తలా పదివేల రూబుళ్ల ముఖవిలువతో వోచర్లు పంచారు, ఆ ఏడు ధరలు సుమారు 2,500 శాతం పెరిగాయి. వాటాదారుడి హక్కును కాపాడే కోర్టూ, నమ్మదగిన రిజిస్టరూ గట్టిపడకముందే కాగితం చేతికొచ్చింది. చాలామంది దాన్ని చవగ్గా అమ్మేసుకున్నారు. లెక్క, నమ్మకం, తగువు అన్న మూడు గడులూ ఖాళీగా ఉండగా ఆస్తి ఒక్కటే ముందుకు దూకింది.

నమ్మకాన్ని కొలవడానికి 1981 నుంచి నడుస్తున్న ప్రపంచ విలువల సర్వే వాడతానన్నావు, వాడు. ‘చాలామంది మనుషుల్ని నమ్మవచ్చా?’ అన్న ప్రశ్నకు నార్వేలో అరవై శాతం పైగా అవునంటారు, కొలంబియాలో పది శాతం కూడా అనరు. కానీ ‘చాలామంది’ అంటే ఎవరు? చైనాలో సగానికి పైగా అవునంటారు, మొదటిసారి కలిసిన మనిషిని నమ్ముతారా అని విడిగా అడిగితే ఆ సంఖ్య బాగా పడిపోతుంది. అందుకని రెండు ప్రశ్నల జవాబులనూ పక్కపక్కన పెట్టు. కుర్రవాళ్లు స్వేచ్ఛను, పెద్దవాళ్లు భద్రతను ఎంచుకున్నారని కనబడితే సంస్కృతి మారుతోందని వెంటనే రాయకు. వయసు మీదపడితే ఆ కుర్రవాళ్లూ అలాగే అవుతారేమో. ఒకే దశాబ్దంలో పుట్టినవాళ్లను తీసుకుని, ఇరవై ఏళ్ల ఎడంతో రెండు సర్వేల్లో పోల్చు. వాళ్ల జవాబు మారకుండా, వాళ్ల తర్వాత పుట్టినవాళ్ల జవాబు వేరుగా ఉంటే అప్పుడు తరం మారిందని అనవచ్చు. దేశపు సగటు కూడా మోసం చేస్తుంది. పట్నాలనూ పల్లెలనూ విడదీసి చూడు.

ఆధారం ఎవరి నోటినుంచి వచ్చిందో ప్రతి గడిలోనూ రాయమన్నది ఊరికే కాదు. ఒక తెగ గురించి పన్ను అధికారి రాసినదాంట్లో వాళ్లు సోమరులు, మతబోధకుడు రాసినదాంట్లో మూఢులు, వర్తకుడు రాసినదాంట్లో మోసగాళ్లు. ముగ్గురూ తమకు అందనిదాన్నే దశ అని పేరుపెట్టి రాశారు.

నెలన్నరలో అరవై గడులు నింపు. రాత దానికి తర్వాత. ఆధారం దొరకని గడులు పదో పదిహేనో మిగులుతాయి, వాటిని ఊహతో పూడ్చకుండా ఖాళీగానే ఉంచి పట్టిక పంపు. వాటిలో ఏవి వదిలేయాలో, ఏవి దొరికేదాకా రాత ఆపాలో చూసి చెబుతాను.