గ్రాండ్ టీటన్‌కి గాలి కయాక్ తీసుకెళ్తుంటే: ఏ సరస్సు, ఏ టైమ్, ఎంత గాలి

మీరడిగింది ఇదీ: ఆగస్టు మొదట్లో అమెరికాలోని వయోమింగ్ వైపు రెండు జాతీయ పార్కులు, ముందు గ్రాండ్ టీటన్, తర్వాత ఎల్లోస్టోన్. ఇద్దరు పెద్దవాళ్లు, 8, 12 ఏళ్ల పిల్లలు. డిక్కీలో గాలి నింపే ఇంటెక్స్ ఎక్స్‌ప్లోరర్ కే2 కయాక్ (ఇద్దరు కూర్చునే తెడ్డు పడవ) ఒకటి, గాలి నింపే ప్యాడిల్ బోర్డ్ (నిలబడి తెడ్డు వేసే పలక) ఒకటి. జెట్ స్కీ దొరుకుతుందా, ఎక్కడ దిగాలి, ఈ పర్మిట్ల గోలేంటి అని.

జెట్ స్కీ సంగతి ముందే తేల్చేద్దాం. రెండు పార్కుల్లోనూ నిషేధం. పిల్లలు మారాం చేస్తే పార్కు దాటి ఐడాహో వైపు పాలిసేడ్స్ రిజర్వాయర్‌కి వెళ్లాలి. బోటు వెనక తాడు పట్టుకుని స్కీయింగ్ చేయడానికి గ్రాండ్ టీటన్‌లో జాక్సన్ లేక్ ఒక్కటే ఉంది. లాగే బోటులో నడిపే మనిషి కాక, కనీసం 12 ఏళ్లున్న ఇంకొకరు వెనక్కి చూస్తూ కూర్చోవాలి. పొద్దు పొడిచాకే మొదలు, పొద్దుగూకేలోపు ముగింపు. మీ దగ్గరున్న సరంజామాకి ఇదేదీ అక్కర్లేదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నా.

మీరు దిగాల్సింది స్ట్రింగ్ లేక్‌లో. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, చాలా చోట్ల లోతు తక్కువ. మోటార్లకి అనుమతి లేదు కాబట్టి అలల బాధ ఉండదు. ఎక్కడున్నా ఒడ్డు దగ్గరే. జెన్నీ లేక్‌లో పది హార్స్‌పవర్ దాకా మోటార్లు తిరుగుతాయి, అవతలి ఒడ్డుకి జనాన్ని చేరవేసే షటిల్ బోట్లూ ఉంటాయి. వాటి అల పక్కనుంచి తగిలితే కే2 ఊగిపోతుంది, ముక్కు కాస్త ఏటవాలుగా అలకి ఎదురు పెట్టాలి. స్ట్రింగ్ ఉత్తరపు కొసన దిగి పడవని కాసేపు మోసుకెళ్తే లీ లేక్ వస్తుంది. అందంగా ఉంటుంది కానీ లోతెక్కువ, విశాలం కూడా. మొదటి రోజే అక్కడికి వద్దు. స్ట్రింగ్‌లో ఒక ఇబ్బంది ఉంది: పార్కింగ్. ఆగస్టులో తొమ్మిది దాటితే దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. ఇంకొకటి, కయాక్ అడుగున తగిలించే ప్లాస్టిక్ రెక్క లోతు లేని చోట రాళ్లకి కొట్టుకుంటుంది. మోకాలి లోతు దాటాకే ఎక్కి కూర్చోండి.

ఇక పర్మిట్లు. కయాక్‌కీ, ప్యాడిల్ బోర్డుకీ విడివిడిగా పార్కు పర్మిట్ కావాలి. అది కాక వయోమింగ్ వాళ్ల ఏఐఎస్ డెకాల్ అని ఒకటుంది, పరాయి జలజీవులు చేరకుండా పెట్టిన రుసుము తాలూకు స్టిక్కర్. పది అడుగులు, అంతకంటే పొట్టి గాలి పడవలకి మినహాయింపు ఉంది. చాలామంది 'మాది బొమ్మ పడవే కదా' అనుకుని ఇక్కడే దొరికిపోతారు. కే2 పొడవు పది అడుగుల మూడంగుళాలు! మూడంగుళాల తేడాతో డెకాల్ పడుతుంది. ప్యాడిల్ బోర్డులు కూడా చాలావరకు పదిన్నర అడుగులు. స్టిక్కర్లు ఇంట్లోనే, పొడిగా ఉన్నప్పుడు అతికించండి, తడి వినైల్ మీద నిలవవు.

మూడోది తనిఖీ. మోరన్, మూస్ అనే చోట్ల పడవల తనిఖీ కేంద్రాలుంటాయి. పడవ డిక్కీలో మడతపెట్టి ఉన్నా సరే, తెరిచి ఉన్న కేంద్రం కనిపిస్తే ఆగాల్సిందే. 'చివరిసారి ఎక్కడ దింపారు?' అని అడుగుతారు, నిజం చెప్పండి. వాళ్ల భయమంతా క్వాగా, జీబ్రా అనే పరాయి జాతి ఆల్చిప్పల గురించి. నెవాడా, అరిజోనా సరిహద్దులోని లేక్ మీడ్‌లో 2007లో క్వాగా బయటపడింది. 2023 సెప్టెంబర్‌లో ఐడాహోలోని ట్విన్ ఫాల్స్ దగ్గర స్నేక్ నదిలో కూడా దొరికింది. ఆ స్నేక్ నది జాక్సన్ లేక్ గుండా వెళ్లేదే. వాటి పిల్లలు కంటికి కనపడవు, పడవ మడతలో మిగిలిన గుక్కెడు నీళ్లు చాలు వాటికి.

ఇప్పుడు గాలి నింపడం. అందరూ తేలిగ్గా తీసుకునేదీ, కయాక్ ప్రాణం తీసేదీ ఇదే. ఈ సరస్సులు సుమారు 6,800 అడుగుల ఎత్తులో ఉన్నాయి. సముద్రమట్టం దగ్గర బయటి గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల లెక్క) అయితే, అక్కడ దాదాపు 11.4. గాలి విషయంలో మూడు చూసుకోవాలి.

ప్యాడిల్ బోర్డుకి 13 పీఎస్‌ఐ రావాలంటే పంపు దెబ్బలు ఎక్కువ పడతాయి. ఇంట్లో 200 పట్టే బోర్డుకి అక్కడ ఇంకో 25, 30 వేసుకోండి. పంపు పాడైందని కంగారు పడొద్దు, గాలే పల్చగా ఉంది. ఆయాసం ఎలాగూ తప్పదు.

రెండోది ఎండ. కే2 లాంటి మెత్తటి వినైల్ పడవలో ఉండేది మహా అయితే ఒక పీఎస్‌ఐ. పొద్దున 8 డిగ్రీల చలిలో గట్టిగా నింపి ఒడ్డున పడేశారనుకోండి. పదకొండింటికి ఎండకి లోపలి గాలి 35 డిగ్రీలకి చేరితే లెక్క ప్రకారం ఒత్తిడి రెండు దాటుతుంది, అంటే రెట్టింపు. వినైల్ సాగి కొంత సర్దుకుంటుంది గానీ, ఆ సాగుడంతా అతుకుల మీదే పడుతుంది. లోపలి అతుకు ఊడితే పడవ అడుగున వరసగా ఉండే నేల గొట్టాలు కలిసిపోయి బుడగలా ఉబ్బుతాయి, ఇక దాన్ని బాగు చేయలేం. బోర్డు మాత్రం తట్టుకుంటుంది, 13 కాస్తా 15 అవుతుంది, అంతే.

మూడోది, 4,200 అడుగుల ఎత్తున్న సాల్ట్ లేక్ సిటీలో హోటల్ దగ్గరే నింపేసి కారు మీద కట్టుకుని రావడం. కొండెక్కేసరికే ఒక పీఎస్‌ఐ పైన పెరిగిపోతుంది. కట్టిన పట్టీలు కోసుకోవడం అదనం.

కాబట్టి ఒడ్డునే నింపండి. వాల్వుల మీద ఉన్న నంబర్ల వరసలోనే, ముందు ముప్పావు వంతు. నీళ్లలో దింపి పది నిమిషాలు తేలనివ్వండి. చల్లటి నీళ్లకి లోపలి గాలి ముడుచుకుని పడవ మెత్తబడుతుంది, అప్పుడు మిగతాది కొట్టండి. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి, కొబ్బరికాయలా ఉండకూడదు. తినడానికి ఒడ్డుకొస్తే పడవని నీడలోకి లాగండి. నీడ లేకపోతే వాల్వు తిప్పి బుస్సుమని కొంచెం వదిలేయండి. బరువు విషయంలో కే2కి రాసిన గరిష్ఠం 400 పౌండ్లు. నలుగురూ ఒకేసారి ఎక్కాలనే ఆలోచన వద్దు. ఒక పెద్ద, ఒక పిల్ల సరైన జోడీ.

టైమ్ ముఖ్యం. ఏడున్నరకి నీళ్లలో, పదకొండున్నరకి బయట. మధ్యాహ్నం నైరుతి గాలి లేస్తుంది. ఉరుముల మబ్బులు పడమటి నుంచి వస్తాయి, ఆ పడమర అంతా టీటన్ కొండలు అడ్డం. మబ్బు కనపడేసరికే నెత్తి మీద ఉంటుంది. ఉరుము వినపడ్డాక మీకు మిగిలిన పని ఒడ్డు చేరడమే. గాలి పడవ నీటి మీద ఆకులా తేలుతుంది, ఎదురుగాలికి తెడ్డు వేస్తే ముందుకి పోవడం కష్టం. అందుకే వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లండి, వచ్చేటప్పుడు అదే తోస్తుంది. బోర్డు మీదున్నవాళ్లు కాలికి తాడు కట్టుకోవాల్సిందే. పడ్డాక బోర్డు గాలికి పోయే వేగం ఈదే వేగం కన్నా ఎక్కువ.

నీళ్ల చలిని మన చెరువులతో, నాగార్జునసాగర్‌తో పోల్చకండి. ఇది కొండ మీద మంచు కరిగి వచ్చిన నీరు. పడగానే మొదటి నిమిషం ఊపిరి అందక ఎగశ్వాస వస్తుంది, ఆ ఒక్క నిమిషం తల పైకి పెట్టి నిలదొక్కుకోవాలి. తర్వాత చేతులు పనిచేసేది ఓ పది నిమిషాలు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉండాలనేది ఇందుకే. 13 ఏళ్ల లోపు వాళ్లకి అది చట్టం కూడా, మీ పిల్లలిద్దరూ అందులోకే వస్తారు. చిన్నవాళ్లకి కాళ్ల మధ్య పట్టీ ఉన్నది కొనండి. భుజాల దగ్గర పట్టి పైకి లేపితే జాకెట్ చెవుల దాకా వస్తే అది పెద్దదయినట్టు.

ఎక్కడం ఒకసారి నడుము లోతులో ప్రాక్టీస్ చేయండి. పడవ బోర్లా పడితే దాని మీదుగా చెయ్యి చాచి అవతలి అంచు తాడు పట్టుకుని వెనక్కి వాలండి, మళ్లీ సరిగ్గా తిరుగుతుంది. ముక్కు వైపు నుంచి ఎక్కొద్దు, అక్కడ ఎత్తు. మధ్యలో పక్క నుంచి, ఇంకొకరు అవతలి పక్క పట్టుకుని ఉండగా, కాళ్లు నీటి పైకి తేల్చి బాదుతూ పొట్ట మీద పాకండి. పిల్లని ముందు కింద నుంచి తోసెయ్యండి.

జాక్సన్ లేక్ సరదా ఉంటే కోల్టర్ బే అనే చిన్న అఖాతం లోపల, దీవుల చాటున తిరగండి. అక్కడే అద్దె కయాక్‌లు, కనూలు దొరుకుతాయి. ఇది ఆనకట్ట ఉన్న సరస్సు, పైన 39 అడుగుల నీరు ఐడాహో పొలాలకి పోతుంది. కరువు ఏడాదైతే ఆగస్టు చివరికే బురద తేలుతుంది, ముందుగా నీటిమట్టం చూసుకోండి.

తిండి విషయం: పులిహోర డబ్బా ఒడ్డున వదిలేసి పడవెక్కకండి. ఎలుగుబంట్ల చోటు అది. ఎవరో ఒకరు దగ్గరుండాలి, లేదా కార్లో పెట్టి తాళం వేయాలి.

ఎల్లోస్టోన్‌కి దాని సొంత పర్మిట్, సొంత తనిఖీ ఉంటాయి. ఎల్లోస్టోన్ లేక్ నడిబొడ్డుకి గాలి పడవ తీసుకెళ్లకండి. అది 7,700 అడుగుల పైన ఉంది, నీళ్లు ఇంకా చలి, గాలి లేస్తే సముద్రమే. పార్కు మారే రోజు ముందు సాయంత్రమే కే2ని పూర్తిగా విప్పి, సీట్ల కిందా, నేల గొట్టాల మధ్య గాడుల్లోనూ తువ్వాలుతో తుడిచి ఆరబెట్టండి. వాల్వులు తెరిచి తలకిందులుగా పట్టుకుంటే లోపల చేరిన చుక్కలు కూడా కారిపోతాయి. తనిఖీ వాళ్లు మొదట వేలు పెట్టి చూసేది ఆ గాడుల్లోనే.