జీఆర్ఈకి ఎన్ని గంటలు చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ మూడో ఏడాది. ఇల్లు గాజువాక, కాలేజీ రుషికొండ వైపు. అమెరికాలో ఎంఎస్‌కి జీఆర్ఈ రాస్తానంటోంది. కోచింగ్‌వాళ్లు 45 రోజులు చాలంటున్నారు, సీనియర్లు ఆరు నెలలంటున్నారు. నమూనా పరీక్షలో 298 వచ్చింది (క్వాంట్ అంటే లెక్కల్లో 154, వెర్బల్ అంటే ఇంగ్లిష్‌లో 144). 315 రావాలంటే ఎంతకాలం చదవాలి?

జవాబు: ముందుగా, తను అనుకుంటున్న యూనివర్సిటీలు జీఆర్ఈ అడుగుతున్నాయో లేదో వాటి వెబ్‌సైట్లలో చూడమనండి. ఇప్పుడు చాలాచోట్ల అది తప్పనిసరి కాదు.

అడుగుతుంటే, 17 మార్కులు పెరగడానికి నా అంచనా 150 గంటలు. రోజుకు గంటన్నర, ఆదివారం నాలుగు గంటలు చదివితే పన్నెండు వారాలు పడుతుంది. 45 రోజుల కోచింగ్‌లో రోజూ రెండు గంటలు కూర్చున్నా 90 గంటలే, అందులో సగం వినడానికే పోతుంది. ఆరు నెలలు సాగదీస్తే మొదట్లో నేర్చుకున్న పదాలు పరీక్షనాటికి గుర్తుండవు, మధ్యలో మిడ్‌లు, సెమిస్టర్ పరీక్షలు వచ్చి పడతాయి.

ఆ 150లో 80 గంటలు వెర్బల్‌కే ఇవ్వాలి. ఎంపీసీ పిల్లలు వచ్చిన లెక్కలనే మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చుంటారు. రోజుకు 25 కొత్త పదాల చొప్పున 40 రోజుల్లో వెయ్యి అవుతాయి. నేర్చిన పదాన్ని మర్నాడు, మూడో రోజు, వారానికి మళ్లీ చూడాలి. రుషికొండ బస్సులో గడిచే సమయం దీనికి సరిగ్గా సరిపోతుంది. కానీ పదాలతోనే పని జరగదు. వెర్బల్‌లో దాదాపు సగం ప్రశ్నలు పాసేజీలవే. ఖాళీలు పూరించే ప్రశ్నలో మూడు ఖాళీలుంటే మూడూ సరిగ్గా ఉండాలి, ఒక్కటి తప్పినా సున్నాయే. అందుకని రోజూ అరగంట ఇంగ్లిష్ సంపాదకీయమో సైన్సు వ్యాసమో చదివి, ఒక్కో పేరాలో రచయిత ఏమంటున్నాడో ఒక్క వాక్యంలో చెప్పుకోవాలి, తెలుగులో అయినా సరే. ఇంట్లో సందడిగా ఉంటే ఆదివారాలు ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి పంపండి.

క్వాంట్‌కి 45 గంటలు చాలు. త్రికోణమితి, కలనం ఉండవు. మార్కులు పోయేది రెండు రాశుల్లో ఏది పెద్దదో తేల్చే ప్రశ్నల్లో. పిల్లలు x బదులు 2, 3 వేసి చూసి జవాబు పెట్టేస్తారు. సున్నా, రుణసంఖ్య, భిన్నం కూడా వేసి చూడాలి.

పరీక్షలో రాయాల్సిన వ్యాసానికి ఐదు గంటలు, మిగిలిన ఇరవై మాక్ (నమూనా) టెస్టులకు. పరీక్ష 1 గంట 58 నిమిషాలే. రాసిన ప్రతి మాక్‌కీ అంతకంటే ఎక్కువసేపు తప్పులు చూసుకోవాలి. తెలియక తప్పిందా, ప్రశ్న సరిగ్గా చదవలేదా, టైం చాలలేదా అని పక్కన రాసుకోవాలి. జీఆర్ఈ నిర్వహించే సంస్థ ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే రెండు టెస్టుల్లో ఒకటి పరీక్షకు పది రోజుల ముందుదాకా ముట్టుకోవద్దు. వెర్బల్, క్వాంట్ రెండింటిలోనూ మొదటి 12 ప్రశ్నలు ఎలా చేశారన్నదాన్ని బట్టి తర్వాతి 15 ప్రశ్నల కఠినత్వం మారుతుంది, కాబట్టి మొదటి సెక్షన్‌లో తొందరపడకూడదు. తప్పుకు మైనస్ మార్కులు లేవు, ఏ ప్రశ్ననూ వదిలేయొద్దు.

ఫాల్ (ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే సెమిస్టర్) దరఖాస్తుల గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లో ఉంటాయి. ఆగస్టులో రాస్తే, మార్కులు తగ్గినా 21 రోజుల తర్వాత మళ్లీ రాసే వీలుంటుంది. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది.

రిజిస్ట్రేషన్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉంటుంది కాబట్టి ఇక్కడ చాలామంది పొరబడతారు. పేర్లు కలవకపోతే పరీక్ష రాయనివ్వరు, కట్టిన ఫీజూ తిరిగి రాదు.