తోట డబ్బు ఏడాదికోసారి, వాయిదా నెలనెలా

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. ఐదెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. మా అమ్మాయి ఈ ఏడాది విజయవాడలో బీ.ఆర్క్ మొదటి సంవత్సరంలో చేరి హాస్టల్లో ఉంటోంది. సీనియర్లు చెప్పారని 32 జీబీ ర్యామ్ ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ అడుగుతోంది. తిరుపతిలో ఒక షాపులో విచారిస్తే 1,42,000 రూపాయలని, క్రెడిట్ కార్డు మీద 12 నెలల వాయిదాల్లో కడితే వడ్డీ ఉండదని, డిజైన్ సాఫ్ట్‌వేర్లన్నీ వేసివ్వడానికి ఇంకో 6,000 అవుతుందని చెప్పారు. మా బావమరిది తన కార్డు ఇస్తానంటున్నాడు. బ్యాంకులో 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది; 7 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో వేసి 22 నెలలైంది. చేతిలో 40,000 ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచి కాయల డబ్బు ఇంకా కొంత రావాలి. డిపాజిట్ రద్దు చేసుకోవాలా, వాయిదాల్లో కొనాలా, పంటరుణంలోంచి వాడుకోవాలా? అసలు ఆటలాడుకునే ల్యాప్‌టాప్ చదువుకు పనికొస్తుందా?

జవాబు: ముందుగా మీ చివరి సందేహం తీరుస్తాను. గేమింగ్ అన్న పేరు చూసి మీరు కంగారు పడనక్కర్లేదు. ఆటల్లో బొమ్మలను కదిలించే గ్రాఫిక్స్ చిప్పే, ఇంకా కట్టని ఇంట్లో ఏ గోడ మీద ఎండ ఎలా పడుతుందో లెక్కగట్టి చూపించడానికి కూడా ఉపయోగపడుతుంది కనుక ఆర్కిటెక్చర్ విద్యార్థుల్లో చాలామంది ఆ రకం యంత్రాన్నే కొంటారు. మీ అమ్మాయి అడిగిన రకం సరైనదే. ఎంత పెద్దది కావాలి, ఎప్పుడు కావాలి అన్న దగ్గరే నాకు అభ్యంతరం ఉంది.

ఈ జవాబు రాయడానికి ముందు, తిరుపతిలో ఇళ్ల ప్లాన్లు గీసే ఒక మిత్రుడి ఆఫీసులో అరగంట కూర్చున్నాను. ఆయన ఇళ్ల డిజైన్లు గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో మూడంతస్తుల ఇంటి ఫైలు తెరిచి, పక్కనే కంప్యూటర్‌లో ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ పెట్టి చూపించారు. గోడలను జరుపుతున్నంతసేపూ ప్రాసెసర్‌లో ఒక్క కోర్ మాత్రమే తలమునకలుగా పనిచేసింది, మిగిలినవి దాదాపు ఖాళీగా ఉన్నాయి, గ్రాఫిక్స్ చిప్పు కునుకు తీస్తున్నట్టే ఉంది. 16 జీబీ ర్యామ్‌లో మాత్రం 11 జీబీ నిండిపోయింది. అదే ఇంటిని లుమియన్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లి, చుట్టూ చెట్లు పెట్టి రెండరింగ్, అంటే ఫొటోలాంటి బొమ్మ తయారుచేయడం, మొదలుపెట్టగానే లెక్క తారుమారై గ్రాఫిక్స్ 98 శాతానికి చేరింది, ఫ్యాన్ల హోరుకు మేమిద్దరం కాసేపు మాటలు ఆపేయాల్సి వచ్చింది.

దీన్నిబట్టి, గీసే పనికి వేగమైన ప్రాసెసర్, సరిపడా ర్యామ్ ముఖ్యమని, గ్రాఫిక్స్ మెమరీ అవసరం రెండరింగ్ దగ్గరే ఎక్కువగా పడుతుందని తెలుస్తుంది. మొదటి ఏడాది చాలా కళాశాలల్లో డ్రాయింగ్ బోర్డు మీద చేత్తో గీయడం, అట్టలతో నమూనాలు చేయడమే ప్రధానంగా ఉంటుంది. బరువైన రెండరింగ్ మూడో ఏడాది తర్వాత పెరిగి, అయిదో ఏడాది థీసిస్‌కు పతాకస్థాయికి చేరుతుంది. అంటే ఇవాళ 1,42,000 పెట్టి కొన్న యంత్రం, దాని బలమంతా అవసరమయ్యే నాటికి మూడు నాలుగేళ్ల పాతదై, వారంటీ తీరిపోయి, బ్యాటరీ నీరసించి ఉంటుంది. అందువల్ల అమ్మాయి చేత సిలబస్ ఒకసారి చూపించుకోండి. కంప్యూటర్ మీద గీయడం మూడో సెమిస్టర్‌లో మొదలయ్యేట్టయితే, అంతదాకా కళాశాల ల్యాబ్‌తో సరిపెట్టుకుని, వచ్చే ఏడాది కాయలు అమ్మాక కొనడమే నా మొదటి సలహా. ఆగితే ధర తగ్గుతుందని మాత్రం నేను చెప్పను, ఎందుకంటే 2025 చివరి నుంచి ర్యామ్, ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ ధరలు బాగా పెరిగాయి. కానీ అవసరం లేని ఏడాదికి అప్పు తెచ్చుకోవడం అంతకంటే దండగ.

ఇప్పుడే కావాలని తేలితే లక్ష రూపాయలను గీటుగా పెట్టుకోండి. 16 జీబీ ర్యామ్ ఉండి, తర్వాత ఇంకో 16 జీబీ వేసుకోవడానికి స్లాట్ ఖాళీగా ఉండాలి. కొన్ని సన్నపాటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే టంకం వేసి అతికిస్తారు, వాటిని ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి. గ్రాఫిక్స్ మెమరీ కనీసం 6 జీబీ, ఆ ధరలో దొరికితే 8 జీబీ తీసుకోండి. ఒకే పేరున్న చిప్పును కూడా కంపెనీలు ఒక్కో మోడల్‌లో ఒక్కో వాటేజీకి కుదిస్తాయి కాబట్టి, ఎన్ని వాట్లని అడిగి తెలుసుకోండి. యాపిల్ మ్యాక్‌బుక్ ఎంత బాగున్నా ఈ చదువుకు నేను సిఫారసు చేయను. ఆటోక్యాడ్, స్కెచప్, రైనో అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు దానిమీద నడుస్తాయి గానీ రెవిట్, త్రీడీఎస్ మ్యాక్స్, లుమియన్ విండోస్ కోసమే తయారైనవి. హాస్టల్‌కే వచ్చి బాగుచేసే వారంటీకి కొంత ఎక్కువైనా పెట్టవచ్చు.

ఇక డబ్బు విషయం. వడ్డీ లేని వాయిదా అనేది నిజంగా ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఆచరణలో జరిగేదేమిటంటే, బ్యాంకు తన వడ్డీ తాను వసూలు చేసుకుంటుంది, అంత మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపిస్తారు. మీకు చెప్పిన లెక్కలో నెలకు 11,833 రూపాయల వాయిదా పడుతుంది. కార్డు వడ్డీ 15 శాతమనుకుంటే, ఏడాది మొత్తం మీద కట్టే 1,42,000లో దాదాపు 10,900 రూపాయలు వడ్డీయే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు 1,960 రూపాయలు, దానికి తోడు ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. పైగా ఒకేసారి డబ్బు కట్టేవారికి షాపువాళ్లు తగ్గించగలిగింది కూడా మీకు దక్కకపోవచ్చు.

అంతకంటే పెద్ద ఇబ్బంది, నెలనెలా కట్టాల్సిన వాయిదాకూ ఏడాదికోసారి వచ్చే మీ ఆదాయానికీ పొత్తు కుదరకపోవడం. పూత వేళ తేనెమంచు పురుగుకు మందులు కొట్టించే నెలల్లో తోట మీ దగ్గర డబ్బు తీసుకుంటుందే తప్ప ఇవ్వదు. 2025లో తోతాపురికి కిలో 12 రూపాయలని నిర్ణయించి, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇచ్చేట్టు ఏర్పాటు చేయాల్సి వచ్చిన పరిస్థితి మీకు గుర్తుండే ఉంటుంది. కాయలు తోలాక కూడా డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదని మీ ఉత్తరమే చెబుతోంది. ఒక్క వాయిదా తప్పినా కార్డు మీద నెలకు 3 నుంచి 4 శాతం వడ్డీ పడుతుంది, క్రెడిట్ స్కోరు దెబ్బతినేది మీ బావమరిదికి. చుట్టరికాన్ని అప్పుతో ముడిపెట్టకండి.

డిపాజిట్‌ను రద్దు చేయకండి, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి, అంటే డిపాజిట్‌నే హామీగా పెట్టి కావలసినంత అప్పు వాడుకోండి. సాధారణంగా బ్యాంకులు డిపాజిట్‌లో 90 శాతం వరకు, డిపాజిట్ వడ్డీ కంటే ఒక శాతం ఎక్కువకు ఇస్తాయి. లక్ష రూపాయల ల్యాప్‌టాప్‌కు మీ చేతిలోని 40,000లోంచి 10,000 పోను 90,000 తీసుకుని పది నెలలు వాడుకుంటే, 8 శాతం చొప్పున వడ్డీ 6,000 అవుతుంది. అదే కాలంలో డిపాజిట్‌లో ఉన్న ఆ 90,000 మీద మీకు 5,250 వస్తూనే ఉంటుంది. కాబట్టి నికరంగా మీకు పడే భారం 750 రూపాయలు. డిపాజిట్ మొత్తం రద్దు చేసుకుంటే మాత్రం, ఒక శాతం కోత ఉందనుకున్నా, 22 నెలలకు 3 లక్షల మీద 5,500 రూపాయలు వదులుకోవాలి. ఓవర్‌డ్రాఫ్ట్‌కు నెలవాయిదా అంటూ ఉండదు. కాయల డబ్బు చేతికి వచ్చిన రోజున కట్టవచ్చు, కొంచెం కొంచెంగానూ కట్టవచ్చు, వాడుకున్నదానికే వడ్డీ. ఒకవేళ కాపు దెబ్బతిన్నా, 14 నెలల తర్వాత డిపాజిట్ గడువు తీరినప్పుడు బ్యాంకు తన బాకీ మినహాయించుకుని మిగతాది మీకిస్తుంది, మరొకరి పేరు చెడదు.

పంటరుణం జోలికి వెళ్లవద్దు. సకాలంలో కట్టినవారికి 3 లక్షల వరకు 4 శాతానికే పడే రుణమది. ల్యాప్‌టాప్‌కు వాడేసి గడువు దాటిస్తే 3 శాతం రాయితీ పోతుంది, మందులకు మళ్లీ బయట అప్పు చేయాల్సి వస్తుంది. ఫీజుల కోసం విద్యారుణం ఇప్పటికే తీసుకుని ఉంటే, కోర్సుకు కంప్యూటర్ అవసరమని కళాశాల ఇచ్చే లేఖతో అందులో చేర్చమని అడగవచ్చు. లేకపోతే దీనికోసమే కొత్తగా తీసుకోనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్లు వేసినందుకు అడిగిన 6,000లో ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఆటోక్యాడ్, రెవిట్, త్రీడీఎస్ మ్యాక్స్‌లను ఆటోడెస్క్ సంస్థ విద్యార్థులకు ఉచితంగానే ఇస్తుంది. అమ్మాయి తాను చదువుతున్నట్టు ఆధారం చూపి నమోదు చేసుకుని, ఏడాదికోసారి పొడిగించుకుంటే చాలు. అంత తక్కువకు అన్నీ కలిపి వేసిస్తామన్నారంటే అవి దొంగ కాపీలయ్యే అవకాశమే ఎక్కువ, వాటితోపాటు వైరస్ వస్తే సెమిస్టర్ పని మొత్తం గల్లంతవుతుంది.

షాపుకు వెళ్లేముందు డిపాజిట్ రసీదుతో బ్యాంకుకు వెళ్లి, ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ ఎంతో కనుక్కోండి. డిపాజిట్ ఇద్దరి పేర్ల మీద ఉంటే రెండో వారి సంతకం కూడా కావాలి. ఆ తర్వాత కనీసం మూడు షాపుల్లో వాయిదాల మాట ఎత్తకుండా, ఒకేసారి కడితే ఎంతకిస్తారని ముందు అడగండి.